పెరడు పోరంబోకు కాదు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇట్లా కలుసుకుంటాము. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ హక్కుల మీద, కరువు భత్యం బకాయిల మీద, వైద్య ఖర్చుల బిల్లుల మీద మాట్లాడడానికి నాకంటే గట్టివారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం, "మీ పెరట్లో పిట్టల సంగతి చెప్పండి, పదిహేను నిమిషాలు చాలు" అన్నారు. పిట్టల కథకు పదిహేను నిమిషాలా అని వెనుక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పేమీ లేదు. కాని చివరలో నేను మీ ఓటు అడగబోతున్నాను. అది దేనికో అప్పుడే చెబుతాను.

ముందుగా నా గురించి రెండు మాటలు. 1975లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, కడప, కర్నూలు జిల్లాలలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, 2009 మే నెలాఖరున పదవీ విరమణ చేశాను. అదే ఏడు అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు రెండూ కలిసి కర్నూలు మీద పడిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మేమప్పుడు పాతబస్తీలో ఉండేవాళ్ళం. మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాము. నీళ్ళు తీసిన తరువాత ఇంట్లో మోకాలి లోతు బురద. ఆ బురద ఎత్తుతున్నప్పుడే మా ఇంటామె, "ఇంకెక్కడైనా ఎత్తు మీద ఉందామండీ" అన్నది. ఆ విధంగా ఊరి శివారున, ఎర్రనేల మీద, పది సెంట్ల స్థలం కొన్నాను. నాలుగు సెంట్లలో ఇల్లు కట్టేసరికి చేతిలోని గ్రాట్యుటీ కాస్తా అయిపోయింది. వెనుక ఆరు సెంట్లు అట్లాగే మిగిలింది.

నిజం చెప్పాలంటే ఆ ఆరు సెంట్లను నేను పిట్టల మీద ప్రేమతో వదలలేదు. డబ్బు చాలక వదిలాను. ముళ్ళన్నీ కొట్టించి, బేతంచెర్ల నాపరాళ్ళు పరిపించి, శుభ్రంగా ఉంచాలన్నదే నా ఆలోచన. అప్పటికి అందులో ఉన్నవి ఒక వేపచెట్టు, రెండు రేగు పొదలు, ఇంత తంగేడు, ఒక బలుసు పొద, గోడవారగా సర్కారు తుమ్మ. అంతే.

2010 ఎండాకాలం. మే నెలలో మన కర్నూలు ఎండ ఎట్లుంటుందో మీకు తెలుసు. మా మామగారి ఊరి నుంచి తెచ్చుకున్న రాతి కుడితి తొట్టి ఒకటి వేపచెట్టు కింద పడి ఉండేది. ఇప్పుడు బర్రెలూ లేవు, కుడితీ లేదు. మా ఇంటామె బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిపిన నీళ్ళు అందులో పోసేది. రెండో రోజుకే గోరువంకలు వచ్చాయి. నాలుగో రోజుకు పిగిలిపిట్టలు, గువ్వలు, ఉడుతలు వచ్చాయి. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒక కాకి వచ్చి, ఎక్కడినుంచో తెచ్చుకున్న ఎండు రొట్టెముక్కను నీళ్ళలో నానబెట్టుకొని తినిపోయింది. దాని తెలివి చూసి మేమిద్దరమూ ఆశ్చర్యపోయాము. ఆ మరుసటి రోజు నుంచి తొట్టిని కడిగి మంచినీళ్ళే పోయడం మొదలుపెట్టాము.

ఆ ఏడు నేను ఒక పాత రిజిస్టరు తీసి, మన అలవాటు ప్రకారం గడులు గీసి, తేదీ, వేళ, వచ్చినది ఏమిటి, ఎన్ని అని రాయడం ప్రారంభించాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళలో పశువులను లెక్కబెట్టిన చెయ్యి కదా, ఊరకే ఉండదు. ఆ రిజిస్టరు ఇప్పుడు మూడోది నడుస్తున్నది.

తెల్లవారుజామున మొట్టమొదట పలికేది పసులపోలిగాడు. ఆ తరువాత గోడ అవతలి బీడులో కౌజులు ఒకదానికొకటి పోటీగా అరుస్తాయి. పొద్దెక్కేసరికి తంగేడు పూల దగ్గరికి తేనెపిట్ట వస్తుంది. ఎర్రటి కళ్ళతో జెముడుకాకి పొదలో నుంచి పొదలోకి దొంగలాగా నడిచిపోతుంది. బూడిదరంగు పిట్టలు ఏడెనిమిది ఒక గుంపుగా వచ్చి, కింద రాలిన ఆకులన్నీ తిరగేస్తూ, ఒకటే గోల చేస్తాయి. మన సర్వసభ్య సమావేశం గుర్తుకొస్తుంది. సాయంత్రం ముంగిస. చీకటి పడితే వేపతొర్రలో పైడికంటి పిట్ట. ఒక వానకాలం తెల్లవారుజామున చెవులపిల్లి ఒకటి తొట్టి పక్కన కూర్చొని కనబడింది. నేను తలుపు చప్పుడు చేసేసరికి మాయమైపోయింది.

తీతువు పిట్ట అరిస్తే కీడు అంటారు మన పెద్దలు. మా ఎదుటి ఖాళీ స్థలంలో కంకరరాళ్ళ మధ్య అది గుడ్లు పెడుతుంది. గూడు కూడా ఉండదు, గుడ్లు అచ్చం రాళ్ళలాగే ఉంటాయి. కుక్క గాని మనిషి గాని అటు పోతే రాత్రనక పగలనక అరుస్తుంది. పదిహేనేళ్ళుగా నా ఇంటి ముందు అరుస్తూనే ఉంది. నేనూ ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూనే ఉన్నాను.

పాలపిట్ట సంగతి కూడా చెప్పాలి. దసరానాడు దాన్ని చూస్తే మంచిదని మనకు నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి కొందరు దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధివీధీ తిప్పి డబ్బులడుగుతారు. దయచేసి ఇవ్వకండి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు చూడండి, అది ఎగిరినప్పుడు రెక్కల నీలం చూడండి. అదే దసరా. ఒకప్పుడు అది మన రాష్ట్ర పక్షి. రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణ వారు దాన్నే ఉంచుకున్నారు, మనకు 2018లో రామచిలుకను ప్రకటించారు. మా వీధిలో మాత్రం రెండూ ఒకే తీగ మీద కూర్చుంటున్నాయి.

ఇక నెమళ్ళ దగ్గరికి వస్తాను. నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. అది చెప్పడానికే ఈ రోజు ఒప్పుకున్నాను.

2016 వేసవిలో గట్టు వైపు నుంచి ఒక ఆడ నెమలి, దాని వెనుక మూడు పిల్లలు మా పెరటి గోడ మీదికి వచ్చాయి. నీళ్ళు తాగి పోయాయి. మరుసటి ఏటికి మగ నెమలి కూడా వచ్చింది. వానకాలం ముందు అది పురి విప్పి ఆడుతుంటే కాలనీ పిల్లలంతా మా మిద్దె మీదే. నాకు గర్వం తలకెక్కింది. రోజూ పొద్దున దోసెడు జొన్నలు, సాయంత్రం దోసెడు సజ్జలు చల్లడం మొదలుపెట్టాను. మొదట నేను లోపలికి పోయిన తరువాత వచ్చేవి. ఆరు నెలలకు నేను అక్కడ ఉండగానే వచ్చేవి. ఏడాది తిరిగేసరికి వంటింటి గడప దాకా వచ్చి, ఆలస్యమైతే తలుపును ముక్కుతో కొట్టేవి. నాలుగు నెమళ్ళు పదమూడయ్యాయి. వచ్చిన చుట్టాలకల్లా చూపించుకొని మురిసిపోయాను.

ఒకనాడు మా కాలనీ వెనుక రెండెకరాలు గుత్తకు చేసుకునే రైతు వచ్చాడు. కోపంగా రాలేదు. "సార్, ఒకసారి నా చేను చూద్దురు రాండి" అన్నాడు. పోయినాను. విత్తిన పదో రోజు. కడప వాళ్ళు శెనక్కాయలంటారే, మనం బుడ్డలంటాము, ఆ పంట. మొలకలు సాలు పొడుగునా పీకి పడేసి ఉన్నాయి. నేల నిండా నెమలి అడుగులు. "మీ ఇంటికాడ పొద్దున టిఫినీ, నా చేన్లో మధ్యాన్నం బువ్వ సార్. ముందు గట్టు మీద ఉండేవి, మనిషిని చూస్తే పారిపోయేవి. ఇప్పుడు అదిలిస్తే నా మొగం చూస్తా నిలబడతాయి. రాయి వేస్తే కేసంటారు. నేనేం చేద్దును?" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానికి హాని చేయడం నేరం. ఆ చట్టం ఉండవలసిందే. కాని నా సరదా కోసం నేను చల్లిన జొన్నల భారం ఒక గుత్త రైతు మీద పడింది. పంట నష్టాల పంచనామాలు ఎన్నో రాసినవాణ్ణి, నష్టానికి కారణం అనే గడిలో నా పేరే రాయవలసి వచ్చిందే అని సిగ్గుపడ్డాను. విత్తనాల ఖర్చు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "గింజలు చల్లడం మానుకోండి సార్, చాలు" అన్నాడు.

నేను ఒక్కసారిగా మానలేకపోయాను. తగ్గిస్తూ పోదామనుకున్నాను. ఆ నెలలోనే ఒక తెల్లవారుజామున పెద్ద అరుపు వినబడింది. లేచి చూస్తే వీధి కుక్కలు. మొదటి ఏడు పిల్లలతో వచ్చిన ఆడ నెమలి అదేనని నా నమ్మకం, దాని ఎడమ కాలి వేలు ఒకటి వంకర. గేటు దగ్గర చచ్చి పడి ఉంది. గట్టు మీద పెరిగిన నెమలి కుక్కను చూడగానే చెట్టెక్కుతుంది. ఇది ఎక్కలేదు. గేటు చప్పుడైతే గింజలొస్తాయని దానికి నేనే నేర్పాను కదా. అటవీ శాఖ వారికి కబురు చేస్తే వచ్చి, రాసుకొని, తీసుకుపోయారు. మా ఇంటామె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ రోజుతో గింజలు ఆపేశాను.

ఆ మధ్య అమెరికా నుంచి మా పెద్దవాడు వచ్చినప్పుడు ఈ మాట చెప్పాను. వాడుండేది మసాచుసెట్స్ రాష్ట్రంలో. "మా ఇంటి వెనుకకు కూడా వస్తాయి నాన్నా, అడవి టర్కీ కోళ్ళు" అని ఫోనులో చూపించాడు. మనం సీమకోడి అంటాము. నల్లగా, ఒక్కొక్కటి మేకపిల్లంత ఉన్నాయి. అడవులు కొట్టేయడం వల్ల, వేట వల్ల ఆ రాష్ట్రంలో అవి 1851 నాటికే పూర్తిగా అంతరించిపోయాయట. 1972, 73లలో పక్క రాష్ట్రమైన న్యూయార్క్ నుంచి ముప్పై ఏడు పక్షులను పట్టుకొచ్చి అడవిలో వదిలారు. అప్పటికి పాత పొలాలు బీళ్ళుపడి మళ్ళీ అడవులయ్యాయి కనుక అవి నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు వేలల్లో పెరిగి ఊళ్ళలోకే వస్తున్నాయి. "మేత మాత్రం పెట్టవద్దని అక్కడి వన్యప్రాణి శాఖ వారు అందరికీ చెబుతారు. మేత మరిగితే మనుషుల మీదికే వస్తాయి" అన్నాడు. నేను రెండేళ్ళు తప్పు చేసి నేర్చుకున్నది వాళ్ళు ముందుగానే చెప్పిపెట్టారు. ఆ పక్షిని తిరిగి నిలబెట్టింది చల్లిన గింజలు కాదు, తిరిగి పెరిగిన అడవి. ఈ తేడా అందరూ గమనించాలి.

ఇప్పుడు మన నేల సంగతి. 1986లో నేను బద్వేలు ప్రాంతంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. అడంగళ్ళు తనిఖీ చేయడం నా పని. లంకమల కొండల కింద, అడవిని ఆనుకొని, ముళ్ళపొదలూ ఎర్రకంకరా తప్ప మరేమీ లేని సర్వే నంబర్లు ఎన్నో ఉండేవి. వాటికి ఎదురుగా "బంజరు", "గుట్ట పోరంబోకు", "సేద్యానికి పనికిరాదు" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ జనవరిలోనే, ఆ కొండల పక్కన రెడ్డిపల్లె దగ్గర, కలివి కోడి మళ్ళీ దొరికిందని ఊళ్ళలో చెప్పుకున్నారు.

ఈ తరం పిల్లల కోసం చెబుతాను. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ పిట్టను మొదట లోకానికి తెలియజేశాడు. 1900 తరువాత మరి ఎవరికీ కనబడలేదు. శాస్త్రవేత్తలు ఇక అది లేనట్టే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే ఆయన బొమ్మలు పట్టుకొని మన పల్లెల్లో తిరిగి అడిగితే, పిట్టలు పట్టే మన పల్లె మనిషే, "ఇది మాకెరికే, కలివి కోడి" అన్నాడు. రాత్రిపూట టార్చి వెలుగులో పట్టి చూపించాడు. ఎనభై ఆరేళ్ళు ప్రపంచానికి లేని పిట్ట, మన మేకల కాపరులకు ఉంటూనే ఉంది. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు. ఆ పొదల అడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం అయింది.

అది పగలంతా కలివి పొదల చాటున దాగి, రాత్రి పూట చెదలు, పురుగులు ఏరుకు తింటుంది. పొదలు మరీ దట్టమైతే ఉండదు, పూర్తిగా కొట్టేస్తే అసలే ఉండదు. మితంగా మేకలు మేసి, మితంగా కట్టెలు కొట్టుకొనే నేల దానికి సరిపోతుందని పరిశోధకులు తేల్చారు. అంటే నేను పనికిరాదని సంతకం పెట్టిన రకం నేలే దానికి పనికొచ్చే నేల.

2005లో తెలుగుగంగ కాలువ పనికి వచ్చిన యంత్రాలు ఆ పొదలు కొంతమేర పెరికేశాయి. తరువాత ఆ పిట్ట ఉండే చోటు తప్పించి కాలువను మళ్ళించాలని నిర్ణయించారు. రాయలసీమలో పుట్టినవాణ్ణి, నీళ్ళు వద్దని నేను ఎన్నటికీ అనను. బిందె నీళ్ళ కోసం మా అమ్మ నడిచిన దూరం నాకు గుర్తుంది. కాని కాలువ కొంచెం వంగితే నీళ్ళూ వస్తాయి, పిట్టకూ చోటుంటుంది.

మన నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో మాత్రం అంత తేలికగా జరగలేదు. అక్కడి బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగే పక్షి. బోడినేల మీద ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. చుట్టూ గడ్డిబీళ్ళు పోయి కాలువ కింద పంటలు వచ్చాయి. ఆ కంచె లోపల కృష్ణ జింకలు పెరిగి రైతుల చేలలో పడ్డాయి. బట్టమేక పిట్ట మాత్రం తగ్గుతూ తగ్గుతూ కనబడకుండా పోయింది. ఇప్పుడు దేశం మొత్తం మీద రెండువందల లోపే ఉన్నాయి, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. దానికి మేత తక్కువై పోలేదు. చోటు తక్కువై పోయింది.

అందుచేత నేను ఇప్పుడు చేస్తున్నది ఇంతే. గింజలు చల్లను. నీళ్ళు పెడతాను, పొదలు ఉంచుతాను. మీలో ఎవరైనా చేయదలిస్తే నా అనుభవం చెబుతాను. తొట్టి లోతు జానెడుకు మించకూడదు. లోపల ఒక రాయి పెట్టండి, పిట్ట నిలబడడానికి, జారిపడిన ఉడుత ఎక్కి రావడానికి పనికొస్తుంది. నీడలో పెట్టండి, కాని పిల్లి పొంచి ఉండే పొదకు నాలుగడుగుల దూరంలో. రెండు రోజులకొకసారి నీళ్ళు పారబోసి, పీచుతో రుద్ది కడగండి, దోమ గుడ్లు పెట్టినా అవి దోమలు కావు.

పాముల మాట ఎవరో అడుగుతారని నాకు తెలుసు. వస్తాయి. ఎలుకల కోసం జెర్రిగొడ్డు వస్తుంది, దానికి విషం లేదు. నాగుపామును కూడా రెండుసార్లు చూశాను. అందుకే గుమ్మం నుంచి ఇరవై అడుగుల దాకా చీపురుతో ఊడ్చి శుభ్రంగా ఉంచుతాము, పొదలన్నీ దాని అవతలే. చీకటి పడితే టార్చి లేకుండా కాలు పెట్టము, మనవళ్ళను అటు పోనివ్వము. ఎవరికైనా కరిస్తే మంత్రాల జోలికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోండి, విరుగుడు ఇంజెక్షను అక్కడే ఉంటుంది.

గింజలు ఆపిన తరువాత నెమళ్ళు రెండు నెలలు గడప దగ్గర తిరిగాయి. ఆ రెండు నెలలు నాకు కష్టంగానే గడిచాయి. తరువాత గట్టుకు పోయాయి. ఇప్పుడు ఎండాకాలంలో నాలుగో ఐదో వచ్చి, నీళ్ళు తాగి, నన్ను చూడగానే గోడ దూకిపోతాయి. అవి భయపడి పారిపోతుంటే నాకు సంతోషంగా ఉంటుంది. ఆ రైతు కూడా అప్పుడప్పుడు వచ్చి కాఫీ తాగిపోతాడు.

ఇక నేనడిగే ఓటు. మన సంఘ భవనం వెనుక మూడు సెంట్ల స్థలముంది. అందులో కానుగ చెట్టు, రేగు పొదలు ఉన్నాయి. దానినంతా కొట్టించి సిమెంటు చేయించి, వాహనాలు నిలుపుకొందామని ఈ రోజు ఎజెండాలో ఏడో అంశంగా పెట్టారు. ప్రతిపాదించిన మిత్రుల ఇబ్బంది నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పులతో రోడ్డు మీద బండి ఆపి నడిచి రావడం మనలో చాలామందికి కష్టమే. అందుకని నేను పూర్తిగా వద్దనడం లేదు. ముందున్న రెండు సెంట్లు వాహనాలకు ఇద్దాము. కానుగ చెట్టు, దాని కింద పొదలు ఉన్న ఒక్క సెంటును వదిలిపెడదాము. అక్కడ పెట్టడానికి రాతి తొట్టి నేనిస్తాను. నీళ్ళు మార్చే పని వంతులవారీగా పంచుకుందాము. మొదటి నెల నాది.

ముప్పై నాలుగేళ్ళు నేను ఎన్నో సర్వే నంబర్ల ఎదురుగా "పనికిరాదు" అని రాశాను. వాటిని దిద్దే అధికారం నాకిప్పుడు లేదు. ఈ ఒక్క సెంటు ఎదురుగానైనా ఆ మాట రాయకుండా చేసే అధికారం మనందరికీ ఉంది. ఏడో అంశం వచ్చినప్పుడు దయచేసి గుర్తుపెట్టుకోండి.